మంచం ఉచితమే, చీటీ ఎవరిస్తారు?

అమెరికాకు కొత్తగా వచ్చిన తెలుగువాళ్లలో చాలామంది సాల్వేషన్ ఆర్మీ దుకాణంలోకి ఒకసారి వెళ్లి, మళ్లీ అటువైపు చూడరు. పేదవాళ్లకు సాయం చేసే సంస్థ అని ఎవరో చెబితే వెళ్తారు. లోపల సోఫాలు, భోజనాల బల్లలు, వేలాడదీసిన కోట్లు, గాజు గ్లాసులు వరుసగా ఉంటాయి. ప్రతిదానికీ ధర అంటించి ఉంటుంది. కౌంటర్ దగ్గరున్న ఆవిడను అడిగితే ఇక్కడ ఊరికే ఏదీ ఇవ్వం అంటుంది. సేవ పేరు పెట్టుకుని వ్యాపారమా అని గొణుక్కుంటూ బయటపడతారు.

ఆవిడ చెప్పింది నిజమే. ఆ సంస్థ ఉచితంగా ఇస్తుందన్నదీ నిజమే. సరుకు ఉండే చోటు ఒకటి, సాయం మంజూరు చేసే చోటు ఇంకొకటి. చాలా ఊళ్లలో ఈ రెండూ ఒకే వీధిలో కూడా ఉండవు. దుకాణంలో అమ్మిన సరుకు మీద వచ్చే డబ్బు, తాగుడు, మత్తుమందుల నుంచి బయటపడాలనుకునేవాళ్ల కోసం ఆ సంస్థ నడిపే పునరావాస కేంద్రాలకు వెళ్తుంది. సాయం కావలసినవాళ్లు వెళ్లాల్సింది అదే సంస్థ వాళ్ల కమ్యూనిటీ సెంటర్‌కు. అక్కడ ఒక సోషల్ వర్కర్ కూర్చోబెట్టి మాట్లాడి, గుర్తింపు కార్డు, ఇంటి అద్దె కాగితం, ఆదాయం వివరాలు, ఇంట్లో పిల్లలెందరు అన్నవి చూసి, అవసరం ఉందనిపిస్తే ఒక వోచర్ రాసిస్తారు. ఆ చీటీ పట్టుకుని మళ్లీ అదే దుకాణానికి వెళ్తే, నిన్న ధర చూసి వెనక్కి తిరిగిన సోఫానే ఈరోజు డబ్బు లేకుండా ఇంటికి తెచ్చుకోవచ్చు.

1865లో లండన్‌లో విలియం బూత్ మొదలుపెట్టి, 1880లో అమెరికాకు వచ్చిన ఈ సంస్థ ఒక్కటే కాదు, ఇక్కడి దానధర్మాల యంత్రాంగంలో చాలాభాగం ఇలాగే నడుస్తుంది. వస్తువులకు కరువు లేదు. అమెరికా పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం 2018 ఒక్క ఏడాదిలో ఈ దేశంలో చెత్తగా మారిన ఫర్నిచర్, ఇంటి సామగ్రి 1.21 కోట్ల టన్నులు. అందులో 80 శాతం నేలలో పూడ్చేశారు. అంత సరుకు మట్టిలో కలుస్తుంటే ఇంకోపక్క ఖాళీ అపార్ట్‌మెంట్‌లో తలకింద బ్యాగు పెట్టుకుని పడుకునే కుటుంబాలూ ఉన్నాయి. మధ్యలో లేనిదల్లా చీటీ రాసే మనిషెవరో తెలియడం.

అందుకని ముందు ఎవరేం చేస్తారో విడదీసి చూద్దాం.

గుడ్‌విల్ పేరు చూసి మోసపోయేవాళ్లు ఎక్కువ. 1902లో బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ అనే మెథడిస్ట్ పాస్టరు, ధనవంతుల ఇళ్లలో వాడి పక్కనపెట్టిన సామాను పోగుచేసి, దాన్ని బాగుచేసే పనిని నిరుద్యోగులకిచ్చి, తయారైన సరుకు అమ్మి వాళ్లకు కూలి కట్టించాడు. అప్పటినుంచీ దాని అసలు పని ఉద్యోగాలు, వృత్తి శిక్షణ. బట్టలు పంచడం కాదు. కొన్ని ఊళ్ల శాఖలు వేరే సంస్థల ద్వారా వచ్చినవాళ్లకు వోచర్లు ఇస్తాయి, అన్నీ ఇవ్వవు. హేబిటాట్ ఫర్ హ్యుమానిటీ వాళ్ల రీస్టోర్ కూడా అంతే, చవకగా అమ్మే దుకాణం. రెండు చోట్లా చవకగా కొనుక్కోవచ్చు, అది మంచిదే. ఉచితం కోసం మాత్రం అక్కడికి బస్సెక్కి పోకండి.

సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీ పద్ధతి వేరు, నా మట్టుకు నాకు అన్నిటికంటే మర్యాదైన పద్ధతి. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఒజనామ్ అనే యువకుడు, కాలేజీ స్నేహితులు కలిసి పెట్టిన సంఘం ఇది. 1845లో సెయింట్ లూయిస్ దగ్గర అమెరికాలో అడుగుపెట్టింది. క్యాథలిక్ చర్చిని ఆనుకుని ఉంటుంది గానీ, సాయం అడిగినవాళ్ల మతం అడగరు. మీ ఇల్లు ఏ చర్చి పరిధిలోకి వస్తుందో ఆ శాఖవాళ్లే చూస్తారు. ఫోన్ చేస్తే చాలాసార్లు మనిషి పలకడు, మెషీన్ పలుకుతుంది. పేరు, ఫోన్ నంబరు, జిప్ కోడ్, ఏం కావాలో నెమ్మదిగా చెప్పి పెట్టేయాలి. తర్వాత ఎవరో ఒకరు తిరిగి ఫోన్ చేస్తారు, ఆపైన ఇద్దరు వాలంటీర్లు ఇంటికి వస్తారు. ఎక్కువగా రిటైరైన పెద్దలు. మన ఇంట్లో మనం కూర్చుని మాట్లాడతాం, క్యూలో నిలబడే పని లేదు. ఇల్లు చూస్తే వాళ్లకూ అర్థమవుతుంది, మంచం లేదా, పొయ్యి మీద పెట్టడానికి గిన్నెలు లేవా అని. వాళ్ల దుకాణం ఉన్న ఊళ్లలో అక్కడికే చీటీ రాస్తారు. ఇలా ఇంటికి వస్తామంటే మనవాళ్లు కొందరు కంగారుపడి, వద్దులెండి అనేస్తారు. తనిఖీ అనుకుంటారు. అది తనిఖీ కాదు. చాయ్ ఇవ్వాలా అన్న బెంగ కూడా అక్కర్లేదు, ఇస్తే తాగుతారు.

ఇక ఫర్నిచర్ బ్యాంకులు. ఇవి నేరుగా కుటుంబాలకు సామాను ఇవ్వడానికే పుట్టాయి. అట్లాంటా, డాలస్, హ్యూస్టన్, షికాగో, కొలంబస్ వంటి పెద్ద నగరాల్లో ఆ పేరుతోనే ఉన్నాయి. వాషింగ్టన్ పక్కన సిల్వర్ స్ప్రింగ్‌లో ఎ వైడర్ సర్కిల్, మసాచుసెట్స్‌లోని ఆక్టన్‌లో హౌస్‌హోల్డ్ గూడ్స్ అలాంటివే. పెద్ద గిడ్డంగిలో మంచాలు, బల్లలు, కుర్చీలు, దీపాలు, దుప్పట్లు, వంటింటి సామాను సర్ది ఉంటాయి. చాలాచోట్ల కుటుంబమే వచ్చి నడిచి చూసి, తమకు నచ్చింది ఎంచుకుంటుంది. ఎవరో మూటకట్టి ఇచ్చింది తీసుకోవడానికీ, ఈ ఆకుపచ్చ కుర్చీ మా ఇంట్లో బాగుంటుందని మనమే చెప్పడానికీ ఎంత తేడా ఉందో, ఒకసారి ఖాళీ చేతులతో నిలబడ్డవాళ్లకు తెలుస్తుంది.

అయితే వీళ్ల తలుపు నేరుగా తట్టినా తెరుచుకోదు. దాదాపు అందరూ రెఫరల్ అడుగుతారు. అంటే మీ పరిస్థితి తెలిసిన ఒక సంస్థలోని కేస్ వర్కర్, ఈ కుటుంబానికి ఫలానా సామాను అవసరం అని మీ తరఫున దరఖాస్తు పంపాలి. ఆ కేస్ వర్కర్ ఎవరైనా కావచ్చు: ఆస్పత్రిలో సోషల్ వర్కర్, పిల్లల బడిలో కౌన్సెలర్, శరణాలయం వాళ్లు, కౌంటీ సంక్షేమ ఆఫీసువాళ్లు, కొన్నిచోట్ల చర్చి పాస్టరు. అవసరం ఉందో లేదో గిడ్డంగివాళ్లు తేల్చుకోలేరు కాబట్టి, ఆ పని తెలిసినవాళ్లకు అప్పజెప్పారు. దీనివల్ల ఒక చిక్కు ఉంది. ఏ ఆఫీసుతోనూ సంబంధం లేకుండా గుట్టుగా బతికే కుటుంబానికి, నిజంగా అవసరం ఉన్నా, చీటీ రాసేవాళ్లు దొరకరు. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఈ గుట్టు దగ్గరే ఆగిపోతాయి. ఉద్యోగం పోయిందని పక్కింటివాళ్లకే చెప్పుకోని మనిషి కౌంటీ ఆఫీసులో ఏం చెబుతాడు?

ఎవరిని పట్టుకోవాలో బొత్తిగా తెలియనప్పుడు నొక్కాల్సిన మూడు అంకెలు ఉన్నాయి: 211. ప్రమాదానికి 911 ఎలాగో, బతుకు ఇబ్బందులకు ఇది అలాగ. 1997లో అట్లాంటాలో యునైటెడ్ వే సంస్థ మొదలుపెట్టింది, 2000లో దేశమంతటికీ ఈ నంబరు కేటాయించారు. అవతలి మనిషి వస్తువులేమీ ఇవ్వడు. మీ జిప్ కోడ్ అడిగి, ఆ చుట్టుపక్కల ఏ సంస్థ ఏమిస్తోంది, ఏ రోజుల్లో తెరుస్తారు, ఏ కాగితాలు కావాలి అన్నది చెబుతాడు. ఇంగ్లిషు ఇబ్బందైతే తెలుగు దుబాసీ కావాలని మొదటే అడగొచ్చు, చాలాచోట్ల ఫోన్ లైన్‌లోనే కలుపుతారు. ఇండియా నుంచి వచ్చిన అత్తగారో, అమ్మో ఒంటరిగా ఇంట్లో ఉన్నప్పుడు కూడా వాడుకోగల నంబరు ఇది, వాళ్ల ఫోనులో రాసిపెట్టడం మంచిది.

ఈ ఫోన్‌లో అడిగే తీరు కూడా పనిమీద ప్రభావం చూపుతుంది. మనవాళ్లు మొహమాటంతో 'మాకు కొంచెం సాయం కావాలండీ' అని మొదలుపెట్టి అక్కడే ఆగుతారు. కొంచెం సాయానికి వాళ్ల కంప్యూటర్‌లో గడి లేదు. 'ఇద్దరు పెద్దవాళ్లం, ఆరేళ్ల పాప. గత వారం ఇల్లు మారాం. మంచాలు లేవు, వంట గిన్నెలు లేవు, పాపకు చలికోటు లేదు' అని చెబితే అటువైపు మూడు దారులు ఒకేసారి తెరుచుకుంటాయి. ఇచ్చిన పేర్లు రాసుకుని, ఆ సంస్థలు నెలలో ఏ తారీఖున దరఖాస్తులు తీసుకుంటాయో కూడా అడగాలి. కొందరు నెల మొదట్లో తెరిచి, ఆ నెల డబ్బో సరుకో అయిపోగానే మూసేస్తారు. ఇరవయ్యో తారీఖున లేదన్నవాళ్లు వచ్చే ఒకటో తారీఖున ఉందనవచ్చు.

మంచాల సంగతి కొంచెం విడిగా మాట్లాడాలి. ఎందుకంటే మనకు నేలమీద పడుకోవడం పేదరికం కాదు. చాప పరుచుకుని, దిండు వేసుకుని మేడమీద నిద్రపోయి పెరిగినవాళ్లం. కొత్త అపార్ట్‌మెంట్‌లో కార్పెట్ మీద దుప్పటి పరిచి నెలలు గడిపే తెలుగు కుర్రాళ్లు ఎంతమందో. వాళ్లకు అది ఇబ్బంది కూడా కాదు. కానీ మిషిగన్‌లో జనవరి నెల, నేల అంతస్తు ఇల్లు, నాలుగేళ్ల పిల్ల అంటే లెక్క మారుతుంది. నేల చలి ఎముకల్లోకి ఎక్కుతుంది. అదీగాక ఈ దేశంలో పిల్లకు సొంత మంచం లేకపోవడాన్ని బడిలో టీచరు, ఆస్పత్రిలో నర్సు అవసరానికి గుర్తుగా చూస్తారు. అందుకే మంచాలకోసమే పనిచేసే సంస్థలున్నాయి. 2012లో ఐడహోలో ల్యూక్ మికెల్సన్ అనే ఆయన గరాజ్‌లో చెక్కలు కోసి మంచం చేయడంతో మొదలైన స్లీప్ ఇన్ హెవెన్లీ పీస్, 3 నుంచి 17 ఏళ్ల పిల్లలకు మంచం, పరుపు, దుప్పటి, దిండు ఇంటికి తెచ్చి బిగించి ఇస్తుంది. దీనికి తల్లిదండ్రులే ఆన్‌లైన్‌లో నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. మీ ఊరి పరిధిలో శాఖ ఉండాలి, అంతే. ఎ వైడర్ సర్కిల్ స్థాపించిన మార్క్ బెర్గెల్ అయితే, మంచం లేని పిల్లలుండగా నాకెందుకని తన మంచమే తీసేశాడు. అది కొంచెం అతిగా తోచవచ్చు. కానీ ఆ మనిషికి ఈ విషయం ఎంత బరువుగా ఉందో తెలుస్తుంది.

పిల్లలున్నవాళ్లకు బడి ఒక పెద్ద తలుపు, మనవాళ్లు దాదాపు తట్టరు. 1987లో వచ్చిన మెకిన్నీ-వెంటో చట్టం ప్రకారం ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్‌లోనూ ఇల్లు లేని పిల్లల బాగోగులు చూసే అధికారి ఒకరుండాలి. ఇల్లు లేకపోవడమంటే రోడ్డుమీద ఉండటం ఒక్కటే కాదు. ఉద్యోగమో ఇల్లో పోయి, గత్యంతరం లేక బంధువుల ఇంట్లోనో స్నేహితుల ఇంట్లోనో సర్దుకుంటున్న పిల్లలు కూడా ఈ చట్టం కిందికి వస్తారు. మా తమ్ముడి బేస్‌మెంట్‌లో ఉంటున్నాం, మాకేం తక్కువ అనుకునే కుటుంబానికి ఇది తెలియదు. అలాంటి పిల్లలకు బడి బస్సు, బడి సామాను, బట్టల విషయంలో ఆ అధికారి దారి చూపిస్తారు. ఫర్నిచర్ బ్యాంకుకు చీటీ రాయగలిగే మనిషి కూడా ఆయనే కావచ్చు. చాలా బళ్లలో ఒక గది నిండా కోట్లు, బూట్లు, యూనిఫాంలు పెట్టి, అడిగిన పిల్లకు గుట్టుగా ఇచ్చే ఏర్పాటు ఉంటుంది. టీచరుకు ఒక మెయిల్ రాస్తే చాలు.

చలికోట్ల కోసం అక్టోబరులోనే కదలాలి. వన్ వార్మ్ కోట్ వంటి సంస్థల తరఫున ఊరూరా కోట్లు పోగుచేస్తారు. మంచు పడ్డాక వెళ్తే పెద్దవాళ్ల కొలతలే మిగులుతాయి. ఉద్యోగం ఇంటర్వ్యూకు బట్టలు కావలసిన ఆడవాళ్లకు 1997లో న్యూయార్క్‌లో మొదలైన డ్రెస్ ఫర్ సక్సెస్ ఉంది. అది కూడా ఎక్కువగా రెఫరల్ మీదే. విద్యార్థులైతే ముందు తమ యూనివర్సిటీ కెరీర్ సెంటర్‌లో అడగాలి. సూటు అరువిచ్చే, లేదా ఉంచేసుకోమనే గది చాలా క్యాంపస్‌లలో ఉంది. పసిపిల్లల డైపర్ల సంగతి వేరే కథ. ప్రభుత్వం ఇచ్చే ఫుడ్ స్టాంపులతోనూ, తల్లీబిడ్డల పోషకాహార పథకంతోనూ డైపర్లు కొనడానికి వీల్లేదు. ఆ లోటు పూడ్చడానికే డైపర్ బ్యాంకులు పుట్టాయి. 211 వాళ్లే దగ్గర్లోది చెబుతారు.

ఇల్లు కాలిపోతే దారి ఇంకా సూటిగా ఉంటుంది. అమెరికన్ రెడ్ క్రాస్ ఏటా స్పందించే 60,000కు పైగా విపత్తుల్లో ఎక్కువభాగం తుపానులు కావు, ఇళ్లల్లో మంటలు. అగ్నిమాపక సిబ్బందే తరచుగా వాళ్లకు కబురు పెడతారు. పెట్టకపోతే మనమే ఫోన్ చేయాలి. ఆ రాత్రి తలదాచుకోవడానికి, కట్టుబట్టలకు కొంత డబ్బు సాయం అందుతుంది. తర్వాత వాళ్ల కేస్ వర్కరే మిగతా సంస్థలకు కాగితం రాస్తారు.

మన సమాజంలో ఈ సమాచారం అందరికంటే ఎక్కువ అవసరమయ్యేది, దెబ్బలు భరించలేక ఇల్లు వదిలిన ఆడమనిషికి. డిపెండెంట్ వీసా మీద వచ్చి ఉంటుంది. బ్యాంకు ఖాతా భర్త పేరున ఉంటుంది. రెండు సూట్‌కేసులు, ఒక బిడ్డతో బయటికి వస్తుంది. శరణాలయంలో కొన్నాళ్లుండి, చిన్న అపార్ట్‌మెంట్ దొరికినా అందులో ఒక గరిట కూడా ఉండదు. ఇలాంటివాళ్ల కోసం దక్షిణాసియా ఆడవాళ్లే పెట్టిన సంస్థలున్నాయి: న్యూజెర్సీలో 1985 నుంచి మానవి, న్యూయార్క్‌లో 1989 నుంచి సఖి, శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన 1991 నుంచి మైత్రి, అట్లాంటాలో 1995 నుంచి రక్ష, హ్యూస్టన్‌లో 1996 నుంచి దయ. మంచానికైనా, గిన్నెలకైనా, లాయరుకైనా చీటీ రాసేది వాళ్లే. దగ్గర్లో ఇవేవీ లేకపోతే దేశవ్యాప్త గృహహింస హెల్ప్‌లైన్ 1-800-799-7233 రాత్రింబవళ్లు పలుకుతుంది. ఒక జాగ్రత్త: ఫోన్ ఫ్యామిలీ ప్లాన్‌లో ఉంటే ఏ నంబరుకు చేశారో ఖాతా ఉన్నవాళ్లు చూసే వీలుండవచ్చు. స్నేహితురాలి ఫోనో, బడిలో ఫోనో, లైబ్రరీలో కంప్యూటరో వాడటం మేలు. సామాను ఇంటికి పంపేవాళ్లకు కొత్త చిరునామా ఎవరికీ చెప్పొద్దని ముందే చెప్పాలి. ఈ మాట వాళ్లకు కొత్త కాదు.

ఇలాంటి సాయం తీసుకుంటే వీసాకో, గ్రీన్ కార్డుకో అడ్డం పడుతుందేమో అన్న భయం ప్రతి తెలుగు ఇంట్లోనూ వినిపిస్తుంది. ఆ భయానికి మూలమైన పబ్లిక్ చార్జ్ అనే నిబంధన ప్రభుత్వం ఇచ్చే సాయం గురించి. చర్చివాళ్లు ఇచ్చిన సోఫా, వాలంటీర్లు బిగించిన మంచం ప్రభుత్వ సాయం కావు. ప్రభుత్వ పథకాల్లో దేన్ని లెక్కలోకి తీసుకుంటారన్నది ప్రభుత్వాలు మారినప్పుడల్లా మారుతూ వస్తోంది కాబట్టి, వాటి విషయంలో మాత్రం లాయరును అడిగే అడుగు వేయాలి.

మరి చదువుకోవడానికి వచ్చిన విద్యార్థి? ఇక్కడ నా అభిప్రాయం కొందరికి నచ్చదు. చదువుకు, బతకడానికి డబ్బుందని కాగితాలు చూపించి వీసా తెచ్చుకున్నవాళ్లం మనం. ఆ డబ్బులో ఎంత అప్పో, ఎంత నిజమో మనకూ తెలుసు, అది వేరే సంగతి. రెఫరల్‌తో నడిచే ఫర్నిచర్ బ్యాంకులో ఒక మంచం మనకిస్తే, శరణాలయం నుంచి బయటపడ్డ ఇంకో తల్లి మరో వారం ఆగుతుంది. కెనడాలో ఈ గొడవ బయటికే వచ్చింది. 2024 జనవరి నుంచి విదేశీ విద్యార్థి చూపించాల్సిన జీవన ఖర్చు 20,635 కెనడా డాలర్లకు పెంచారు. అదే ఏడాది గ్రేటర్ వాంకూవర్ ఫుడ్ బ్యాంకు మొదటి సంవత్సరం విదేశీ విద్యార్థులను తీసుకోబోమంది. తిండి దగ్గర అలా గీత గీయడం నాకు కటువుగానే అనిపించింది. కానీ వాళ్ల గిడ్డంగి అడుగంటుతున్నప్పుడు ముందు ఎవరికన్న ప్రశ్న తప్పదు. నిజంగా చిక్కుల్లో పడ్డ విద్యార్థికి, అంటే జబ్బు చేసి, ఇంటి దగ్గర తండ్రి పోయి, పార్ట్‌టైమ్ పని ఊడిన కుర్రాడికి, యూనివర్సిటీలోనే అత్యవసర నిధి, డీన్ ఆఫీసు ఉంటాయి. మిగతావాళ్లకు ఇంకో దారి ఉంది. అందులో ఎవరి వంతూ లాక్కున్నట్టు కాదు.

ఆ దారి ఇరుగుపొరుగు. 2013లో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో రెబెకా రాకఫెలర్, లీసెల్ క్లార్క్ అనే ఇద్దరు స్నేహితురాళ్లు మొదలుపెట్టిన బై నథింగ్ గుంపులు ఇప్పుడు చాలా పేటల్లో ఉన్నాయి. అంతకు పదేళ్ల ముందు, 2003లో, అరిజోనాలోని టూసాన్‌లో ఫ్రీసైకిల్ మొదలైంది. వీటిలో రెఫరల్ లేదు, ఆదాయం కాగితం లేదు. ఇల్లు ఖాళీ చేసేవాళ్లకు ఆ బల్ల వదిలించుకోవడమే అవసరం. మసాచుసెట్స్‌లో 2022 నవంబరు నుంచి పరుపులను చెత్తలో వేయడం నిషేధం. వదిలించుకోవడానికి డబ్బు కట్టాలి. మీరు వెళ్లి తీసుకుంటే వాళ్లకే మేలు. అడగడంలో చిన్న మర్యాద: వరసగా ప్రతి పోస్టు కింద ఆసక్తి ఉంది అని రాసేవాళ్లకంటే, 'కొత్తగా వచ్చాను, చదువుకోవడానికి బల్ల లేదు, శనివారం పొద్దున వచ్చి తీసుకెళ్తాను' అని రాసినవాళ్లకే దొరుకుతుంది. చెప్పిన టైముకు వెళ్లాలి. వస్తానని చెప్పి రానివాళ్ల పేర్లు ఆ గుంపుల్లో బాగా గుర్తుంటాయి.

కాలాన్ని బట్టి కూడా సరుకు వస్తుంది. మేలో సెమిస్టర్ అయిపోగానే క్యాంపస్ ఊళ్లలో ఫర్నిచర్ బయటపడుతుంది. ఆగస్టులో చాలాచోట్ల చర్చివాళ్లు విదేశీ విద్యార్థులకోసమే సామాను పంచుతారు. బోస్టన్‌లో అయితే అద్దె ఒప్పందాలు ఎక్కువభాగం సెప్టెంబరు 1న మారతాయి. విద్యార్థులు కిక్కిరిసి ఉండే ఆల్‌స్టన్ పేటలో ఆ రోజు కాలిబాటల మీద సోఫాలు, దీపాలు, పుస్తకాల అరలు గుట్టలు పడతాయి. ఊళ్లోవాళ్లు దాన్ని ఆల్‌స్టన్ క్రిస్మస్ అంటారు.

ఆ క్రిస్మస్‌లో నల్లులు కూడా ఉచితమే. మన చిన్నప్పుడు నులక మంచాల్ని ఎండలో వేసి కిరసనాయిలు పోశారంటే పోయే నల్లులు కావివి. చెక్క గోడల్లోకి, కార్పెట్ అంచుల్లోకి దూరితే వదిలించడానికి అయ్యే ఖర్చుతో కొత్త మంచాలు రెండు కొనుక్కోవచ్చు. అందుకే చాలా సంస్థలు వాడిన పరుపులు తీసుకోవు. వీధిలో దొరికిన పరుపు, బట్ట చుట్టిన సోఫా ముట్టుకోకండి. ఎంత మంచిదైనా. చెక్క, లోహం, ప్లాస్టిక్ సామాను తీసుకోవచ్చు. కుట్ల దగ్గర, మేకుల సందుల్లో నల్ల చుక్కలు లేవని టార్చి వేసి చూశాక మాత్రమే. తెచ్చుకున్న బట్టలు ఇంట్లోకి తీసుకురాగానే డ్రయర్‌లో బాగా వేడిమీద అరగంట తిప్పితే నల్లులు, గుడ్లు చస్తాయి. ఉతకడం తర్వాత.

పిల్లల సామాను విషయంలో ఉచితం అన్న ఆశ ఇంకా తగ్గించుకోవాలి. పక్క కమ్మీ కిందికి జారే పాత ఊయల మంచాలలో పసివాళ్లు ఇరుక్కుని చనిపోయిన సంఘటనల తర్వాత 2011 జూన్ నుంచి వాటి అమ్మకాన్ని నిషేధించారు. ఎవరి గరాజ్‌లోనో ఇంకా ఉంటాయి, ప్రేమగా ఇస్తామంటారు. వద్దనాలి. కారు సీటుకు గడువు తేదీ ఉంటుంది, ప్రమాదంలో పడ్డ సీటు పైకి బాగానే కనిపిస్తుంది, కాబట్టి తెలియనివాళ్ల దగ్గర తీసుకోకూడదు. కౌంటీ ఆరోగ్య శాఖలు, ఆస్పత్రులు కొన్ని కొత్త సీట్లు ఇస్తాయి. డ్రాయర్ల బీరువాలు గోడకు బిగించకపోతే పిల్లలమీద పడతాయి. 2016లో ఐకియా అమెరికాలో దాదాపు 2.9 కోట్ల బీరువాలను వెనక్కి పిలిచింది. వాటిలో ఎన్నో ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి.

అన్నీ దొరికాక అసలు అడ్డంకి రవాణా. మంచం ఉచితం, అది ఇంటికి రావడం ఉచితం కాదు. ఆక్టన్ లాంటి చోట్ల ట్రక్కు మనమే తెచ్చుకోవాలి. కొన్ని ఫర్నిచర్ బ్యాంకులు తెచ్చి ఇస్తాయి గానీ డెలివరీకి డబ్బు తీసుకుంటాయి. ఆ డబ్బు రెఫర్ చేసిన సంస్థ కడుతుందా అని కేస్ వర్కర్‌ను అడగాలి, చాలామంది అడగరు. అద్దె ట్రక్కు మీద 19.95 డాలర్లు అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. మైలుకింత, బీమా, పన్ను, పెట్రోలు కలిసి దించేసరికి అది చాలా పెరుగుతుంది. ఇక్కడే తెలుగు వాట్సాప్ గుంపులు అక్కరకొస్తాయి. వస్తువు అడగడానికి మొహమాటపడే మనిషి కూడా, అన్నా ఆదివారం ఒక గంట వ్యాన్ తెస్తారా అని అడగగలడు.

డెలివరీ ఖర్చు వేరు గానీ, ఉచిత సోఫాకు ముందుగా అడ్వాన్స్ పంపమన్నవాడు, రిజిస్ట్రేషన్ ఫీజు అడిగిన సంస్థ, గిఫ్ట్ కార్డు నంబరు చెప్పమన్న మనిషి, ముగ్గురూ దొంగలే. పన్ను మినహాయింపు ఉన్న సంస్థ అవునో కాదో ఐఆర్ఎస్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు.

ఇంత యంత్రాంగంలోనూ తెలుగు వంటింటికి ఒక లోటు మిగులుతుంది. ఫర్నిచర్ బ్యాంకువాళ్లు ఇచ్చే వంటింటి పెట్టెలో పెనం, టోస్టరు, కాఫీ కాచే యంత్రం, ఆరు కప్పులు ఉంటాయి. ప్రెషర్ కుక్కర్ ఉండదు, మిక్సీ ఉండదు. ఇండియా నుంచి తెచ్చిన మిక్సీ 230 వోల్టులది, ఇక్కడి 120 వోల్టుల ప్లగ్గుకు తగిలిస్తే ఈడుస్తుంది తప్ప పప్పు రుబ్బదు. కానీ ఇక్కడ కొన్న మిక్సీలు, గ్రైండర్లు ఇండియాకు తిరిగి వెళ్లిపోయే కుటుంబాలకు అక్కడ పనికిరావు. సామాను సర్దుకునే చివరి వారంలో వాళ్లు వాటిని ఎవరికివ్వాలా అని చూస్తుంటారు. తెలుగు గుంపులో 'తిరిగి వెళ్తున్నవాళ్లెవరైనా మిక్సీ వదిలేస్తున్నారా' అని ఒక్క ముక్క పెట్టి చూడండి. బడులు మూసే జూన్ నెలలో అయితే మిక్సీతోపాటు ఇడ్లీ స్టాండు, సగం డబ్బా చింతపండు కూడా వస్తాయి.